హెచ్.జి. వెల్స్ నవలల్లో ముందు ఏది చదవాలి?

కాలయంత్రం అనగానే తెలుగువాళ్లకు ‘ఆదిత్య 369’ గుర్తుకొస్తుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో యంత్రం ఎక్కినవాళ్లు ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, మరోసారి 2504వ సంవత్సరానికీ వెళతారు. కాలేజీ రోజుల్లో చదివిన, ఇంగ్లిషు రచయిత హెచ్.జి. వెల్స్ నవల తనకు ప్రేరణ అని దర్శకుడే చెప్పారు. ఒక్క కాలయంత్రమే కాదు. కనిపించని మనిషి, అంగారక గ్రహం నుంచి దిగే శత్రువులు, జంతువులను మనుషులుగా మలిచే శాస్త్రవేత్త వంటి ఊహలన్నీ మన దగ్గరికి సినిమాల మీదుగా, పిల్లల బొమ్మల కథల మీదుగా వచ్చాయి. అందుకే వెల్స్ పుస్తకం చేతికి వచ్చినప్పుడు ‘ఈ కథ నాకు తెలుసు’ అనిపించి పక్కన పెట్టేస్తాం. మనకు తెలిసింది యంత్రం మాత్రమే. ఆ యంత్రాన్ని అడ్డం పెట్టుకుని ఆయన తన కాలాన్ని అడిగిన ప్రశ్నలు చాలా సినిమాల్లో జారిపోయాయి. అవి పుస్తకాల్లోనే ఉన్నాయి.

చదువుదామని పూనుకున్నవారికి వెంటనే ఎదురయ్యే ఇబ్బంది ఎంపిక. వెల్స్ నూరు దాకా పుస్తకాలు రాశాడు. ఈనాటికీ తప్పకుండా చదవదగ్గ ఊహాత్మక నవలలు మాత్రం ఎక్కువగా 1895కూ 1901కీ మధ్య వచ్చినవే. వాటిలో ఐదు, 1914 నాటి మరొకటి కలిపి మొత్తం ఆరింటిని ఇక్కడ పోల్చి చూస్తున్నాను.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నింటికన్నా ముందు చూసుకోవలసింది, సినిమాలో దొరకనిది పుస్తకంలో ఎంత ఉంది అన్నది. నా దృష్టిలో ఇదే అసలు కొలమానం. తర్వాత నిడివి, ఇంగ్లిషు. ఇవి నూట ఇరవై ఏళ్ల నాటి వాక్యాలు, కొన్నిచోట్ల పొడవుగా సాగుతాయి. మూడోది, మనసు మీద పడే బరువు. వీటిలో కొన్ని పిల్లల పుస్తకాల అలమరలో కనిపిస్తాయి గానీ పిల్లలకు ఇవ్వదగ్గవి కావు. నాలుగోది, పుస్తకం బయటి ప్రపంచంలో ఏం కదిలించింది అన్నది. ఐదోది, కాలం దాన్ని ఎంత పాతబరిచింది అన్నది. వెల్స్ తన కాలపు దురభిప్రాయాలకు అతీతుడేమీ కాదు. ఆ సంగతి తెలిసి చదవడం మంచిది.

| నవల | ఏడాది | నిడివి | చదవడం | ఎవరికి |
|---|---|---|---|---|
| ద టైమ్ మెషీన్ | 1895 | సుమారు 32 వేల పదాలు | సులువు, మొదటి అధ్యాయం తప్ప | వెల్స్‌ను మొదటిసారి చదివేవారికి |
| ద ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో | 1896 | 22 చిన్న అధ్యాయాలు | సులువు, కానీ బరువు | పెద్దలకు మాత్రమే |
| ది ఇన్విజిబుల్ మ్యాన్ | 1897 | 28 అధ్యాయాలు, ఉపసంహారం | పల్లె యాస ఇబ్బంది పెడుతుంది | హైస్కూలు పిల్లలకు, కథ పరుగు కోరేవారికి |
| ద వార్ ఆఫ్ ద వరల్డ్స్ | 1898 | సుమారు 60 వేల పదాలు | మధ్యస్థం | ఒక్కటే చదువుతానన్నవారికి |
| ద ఫస్ట్ మెన్ ఇన్ ద మూన్ | 1901 | 26 అధ్యాయాలు | సరదాగా సాగుతుంది | హాస్యం, సాహసం ఇష్టపడేవారికి |
| ద వరల్డ్ సెట్ ఫ్రీ | 1914 | 5 పెద్ద అధ్యాయాలు | కష్టం | విజ్ఞానశాస్త్ర చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి |

ద టైమ్ మెషీన్: మెట్ల కింది మనుషులు

ఈ నవలకు బీజం వెల్స్ బాల్యంలోనే పడింది. తండ్రి జోసెఫ్ చిన్న కొట్టు నడుపుతూ కౌంటీ క్రికెట్ ఆడేవాడు. 1862లో కెంట్ జట్టు తరఫున వరుసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీసిన బౌలర్ ఆయన. 1877లో ఆయన కాలు విరగడంతో క్రికెట్ మీద వచ్చే రాబడి ఆగిపోయింది. కొడుకు బట్టల దుకాణంలో పనివాడిగా చేరవలసి వచ్చింది. తల్లి సారా అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో పనివాళ్ల పెత్తనానికి కుదిరింది. ఆ భవనంలో వంటశాల నుంచి ప్రధాన గృహానికి నేలమాళిగల గుండా సొరంగాలు ఉండేవి. పనివాళ్లు దొరల కంట పడకుండా వాటిలోంచే వచ్చిపోయేవారు.

8,02,701వ సంవత్సరానికి చేరిన కాలయాత్రికుడు చూసేది దాదాపు అదే భవనాన్ని. పైన వెలుగులో ఎలోయ్‌లు, ఏ పనీ తెలియని అందమైన బలహీనులు. కింద చీకట్లో మోర్లాక్‌లు, యంత్రాలు నడిపే జాతి. శతాబ్దాల పాటు ఒకరు శ్రమించి మరొకరు అనుభవిస్తే మనిషి రెండు జాతులుగా చీలిపోతాడన్నది వెల్స్ ఊహ. లండన్‌లో డార్విన్ పక్షాన వాదించిన టి.హెచ్. హక్స్‌లీ దగ్గర ఆయన జీవశాస్త్రం చదివాడు. పరిణామం ఎప్పుడూ పైకే సాగుతుందన్న భ్రమ ఆ చదువుతో పోయింది. కింది జాతి పై జాతిని ఏం చేస్తుందో ఇక్కడ చెప్పను. అది మీరే చదవాలి.

సినిమాలు సాధారణంగా వదిలేసే భాగం ఒకటి ఉంది. మోర్లాక్‌ల నుంచి తప్పించుకున్నాక యాత్రికుడు ఇంకా ముందుకు, మూడు కోట్ల సంవత్సరాలకు పైగా వెళతాడు. ఆకాశంలో కదలని ఎర్రటి పెద్ద సూర్యుడు, నిశ్చలమైన సముద్రం, ఒడ్డున పీతల్లాంటి భారీ ప్రాణులు. మనిషి జాడ ఎక్కడా లేదు. ఆ కొద్ది పుటలు చదివాక కాలం అనే మాట మీద మనకున్న చనువు పోతుంది. మరే ఇతర వెల్స్ రచనలోనూ నాకు ఆ అనుభవం దొరకలేదు.

కష్టం మొదటి అధ్యాయంలో ఉంది. విందు తర్వాత మిత్రులు కూర్చుని కాలం అనే నాలుగో పరిమాణం గురించి వాదించుకుంటారు. అర్థం కాకపోయినా ఆగకండి. యంత్రం కదిలాక భాష తేటపడుతుంది. ‘టైమ్ మెషీన్’ అన్న పేరు కూడా ప్రపంచానికి ఈ పుస్తకం ఇచ్చిందే. అంతకు ముందు కథల్లో మనుషులు నిద్రలోనో మంత్రంతోనో కాలం దాటేవారు. కావలసిన చోటికి మీటతో నడుపుకుపోయే బండిని వాడుకలోకి తెచ్చింది వెల్సే.

ద వార్ ఆఫ్ ద వరల్డ్స్: సామ్రాజ్యాన్ని తిరగేసి చూపిన అద్దం

మన నేల మీది పాఠకులు తప్పక చదవవలసిన వెల్స్ నవల ఇది. కారణం మొదటి అధ్యాయంలోనే ఉంది. అంగారకులను నిర్దయులని నిందించే ముందు, యాభై ఏళ్లలో ఆస్ట్రేలియా దగ్గరి టాస్మానియా దీవి ప్రజలను యూరోపియన్ వలసదారులు ఏం చేశారో గుర్తు చేసుకోండని కథకుడు తన ఇంగ్లిషు పాఠకులతో అంటాడు. అదే బుద్ధితో అంగారకులు మన మీదికి వస్తే ఫిర్యాదు చేయగలిగేంత దయామూర్తులమా మనం అని అడుగుతాడు. ఆ ప్రజలు పూర్తిగా అంతరించారని వెల్స్ రాశాడు, అది పొరపాటు. వారి వారసులు నేటికీ ఉన్నారు. అయినా ఆ ప్రశ్న పదును తగ్గలేదు. పుస్తకం వచ్చిన 1898కి విక్టోరియా రాణి భారతదేశానికి సామ్రాజ్ఞి, ఆమె పాలన వజ్రోత్సవాలు జరిగి ఏడాదే అయింది. అలాంటి వేళ లండన్ జనం మూటలు కట్టుకుని రోడ్ల మీద పరుగెత్తడాన్ని వెల్స్ రాశాడు. తమకన్నా మెరుగైన ఆయుధం ఉన్నవాడి ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఏలినవారికి చూపించాడు. ఈ ఊహకు మూలం అన్నదమ్ముల మధ్య మామూలు మాటల్లోనే ఉంది. టాస్మానియా గురించి మాట్లాడుకుంటుండగా ఆయన అన్న ఫ్రాంక్ ఈ ఆలోచనను కదిలించాడు. పుస్తకం ఆయనకే అంకితం.

రాసిన తీరు కూడా గమనించదగ్గది. అప్పుడు వెల్స్ లండన్‌కు నైరుతిలో ఉన్న వోకింగ్‌లో కాపురం ఉండేవాడు. సైకిల్ మీద చుట్టుపక్కల తిరుగుతూ అంగారకుల చేత ఏ వీధిని, ఏ ఇంటిని నాశనం చేయించాలో గుర్తు పెట్టుకున్నానని తర్వాత ఆత్మకథలో చెప్పుకున్నాడు. అందుకే అంగారకులను మోసుకొచ్చే మొదటి గొట్టం పడేది ఏ ఊహాలోకంలోనో కాదు, నిజంగా ఉన్న హోర్సెల్ మైదానంలో. అసాధ్యమైనది ఒక్కటే ఉండాలి, మిగతా అంతా మనం రోజూ చూసే లోకంలా ఉండాలన్నది ఆయన నమ్మిన పద్ధతి. ఏదైనా జరగవచ్చు అనుకున్న చోట ఏదీ ఆసక్తి కలిగించదని ఆయన అనేవాడు. ఆ పద్ధతి ఈ నవలలో నిండుగా పండింది. ఈరోజు వోకింగ్ ఊరి నడుమ మూడు కాళ్ల అంగారక యంత్రం విగ్రహం నిలబడి ఉంది.

ప్రభావం మాటకొస్తే దీనికి సాటి లేదు. 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ (ఈ రచయిత కాదు, వేరే నటుడు) అమెరికా రేడియోలో దీన్ని వార్తా ప్రసారంలా నాటకం చేశాడు. కొందరు శ్రోతలు నిజమేనని భయపడ్డారు. దేశమంతా అల్లకల్లోలమైందని మర్నాడు పత్రికలు రాసింది మాత్రం అతిశయోక్తే. అసలు విషాదం 1949లో ఈక్వెడార్ రాజధాని కీటోలో జరిగింది. అక్కడ ఇలాంటి ప్రసారమే చేశారు. మోసపోయామని తెలిసి ఆగ్రహించిన జనం రేడియో భవనానికి నిప్పు పెట్టారు, మనుషులు చనిపోయారు. దీనికి పూర్తిగా ఎదురు దిశలో మరో కథ ఉంది. రాబర్ట్ గొడార్డ్ అనే అమెరికన్ కుర్రాడు 1898లో పదహారేళ్ల వయసులో ఈ నవల చదివి అంతరిక్షం మీద మనసు పారేసుకున్నాడు. 1926లో ద్రవ ఇంధనంతో ఎగిరిన మొట్టమొదటి రాకెట్‌ను తయారుచేసింది అతనే. 1932లో వెల్స్‌కు ఉత్తరం రాసి ఆ ఋణం చెప్పుకున్నాడు.

లోపం కూడా చెప్పాలి. మధ్యలో, ముఖ్యంగా రెండో భాగం మొదట్లో, శిథిలమైన ఇంట్లో ఇరుక్కున్న అధ్యాయాలు నెమ్మదిగా సాగుతాయి. ఊళ్ల పేర్లు వరుసగా వచ్చి విసిగిస్తాయి. పక్కన ఒక పటం పెట్టుకుంటే ఆ విసుగే ఆనందం అవుతుంది. అంగారకులు మనుషులను ఎలా ఆహారం చేసుకుంటారో చెప్పే భాగం జుగుప్స కలిగిస్తుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు వద్దంటాను.

ది ఇన్విజిబుల్ మ్యాన్: కనిపించకపోవడంలోని కష్టాలు

మన కథల్లో మాయమయ్యే శక్తి ఒక వరం. వెల్స్ దాన్ని శిక్షగా మార్చాడు. గ్రిఫిన్ అనే శాస్త్రవేత్త తన ఒంట్లో కాంతి వంగే తీరును (వక్రీభవనాన్ని) గాలితో సమానం చేసుకుని అదృశ్యుడవుతాడు. వెంటనే చిక్కులు మొదలవుతాయి. బట్టలు వేసుకుంటే కనిపిస్తాయి కాబట్టి లండన్ జనవరి చలిలో ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరగాలి. బురదలో నడిస్తే అడుగుల గుర్తులు వెంటాడతాయి. తిన్న తిండి అరిగేదాకా బయటికి కనిపిస్తుంది. కుక్కలు వాసన పట్టేస్తాయి. ఒక్క అసాధ్యం ఒప్పుకున్నాక దాని పర్యవసానాలను వెల్స్ ఇంత శ్రద్ధగా వెతకడం చూస్తే రచన చేయాలనుకునేవారు చాలా నేర్చుకోవచ్చు.

ఆరింటిలో కథ పరుగు దీనికే ఎక్కువ. హాస్యం ఉంది, తర్వాత క్రూరత్వం ఉంది. ఒంటరి మేధావి ఎలా హంతకుడవుతాడో చూపించే నవల ఇది. 1933లో జేమ్స్ వేల్ తీసిన సినిమాతో కట్టు చుట్టిన ముఖం, నల్ల కళ్లద్దాలు ప్రపంచమంతా గుర్తుపట్టే రూపం అయ్యాయి. ఇబ్బంది రెండు చోట్ల. ససెక్స్ పల్లెవాళ్ల మాటలను వెల్స్ ఉచ్చారణ ప్రకారం రాశాడు, వాటిని గట్టిగా పైకి చదివితే అర్థమవుతాయి. గ్రిఫిన్ ఇంటి యజమాని అయిన పోలండ్ యూదుడిని వర్ణించిన తీరు ఆ కాలపు యూదు ద్వేషాన్ని మోస్తుంది. పిల్లలతో చదివించేటప్పుడు ఆ పుట దగ్గర ఆగి మాట్లాడండి.

ద ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో: మనసు గట్టి చేసుకున్నవారికి

ఓడ మునిగి ఒక దీవికి చేరిన ప్రెండిక్ అక్కడ సగం మనుషుల్లాంటి జీవులను చూస్తాడు. డాక్టర్ మోరో మత్తు లేకుండా కోసి, అతికి, జంతువులను మనుషులుగా మలుస్తుంటాడు. అవి గుంపుగా కూర్చుని ‘నాలుగు కాళ్ల మీద నడవకూడదు’ వంటి నిషేధాలను జపిస్తూ తమను తాము మనుషులమని నమ్మించుకునే దృశ్యం మరచిపోలేం. వచ్చిన రోజుల్లో విమర్శకులు దీన్ని అసహ్యించుకున్నారు. 1932 నాటి దాని సినిమాను బ్రిటన్‌లో చాలా ఏళ్లు నిషేధించారు. జన్యువుల్లో మార్పులు, జంతువుల అవయవాలను మనుషులకు అమర్చడం గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ మోరో పేరు తిరిగి వినిపిస్తుంది.

ఈ నవల బలం దాని శస్త్రవిద్యలో లేదు, ముగింపులో ఉంది. లండన్‌కు తిరిగొచ్చిన ప్రెండిక్‌కు వీధుల్లో మనుషుల ముఖాలే మృగాల్లా తోస్తాయి. నిరాశలో ఉన్నప్పుడు ఈ పుస్తకం తీయవద్దు. వైద్యవిద్య, జీవశాస్త్రం చదివేవారైతే వెల్స్‌తో ఇక్కడి నుంచే మొదలుపెట్టినా తప్పులేదు.

ద ఫస్ట్ మెన్ ఇన్ ద మూన్

దివాళా తీసిన బెడ్‌ఫర్డ్, లోకం పట్టని శాస్త్రవేత్త కేవర్ కలిసి గురుత్వాకర్షణను అడ్డుకునే పదార్థంతో చంద్రుడి మీదికి వెళతారు. తాను మందుగుండుతో మనుషులను పంపితే వెల్స్ లేని లోహాన్ని కల్పించాడని ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ తప్పుపట్టాడు. మొదటి సగం ఉల్లాసం. చివర కేవర్ చంద్రుడి పాలకుడికి భూమి మీద యుద్ధాల గురించి వివరించే భాగం పుస్తకానికి ప్రాణం. పుట్టుక నుంచే పనికి తగినట్టు శరీరాన్ని బిగించి పెంచే సెలెనైట్ల (చంద్రుడి వాసుల) సమాజం చదువుతుంటే కులవృత్తుల చరిత్ర తెలిసినవారికి గుండె బరువెక్కుతుంది. మొదటి పుస్తకంగా కాక మూడోదిగా చదవండి.

ద వరల్డ్ సెట్ ఫ్రీ: చరిత్రను తాకిన బలహీనమైన నవల

నవలగా ఇది ఆరింటిలో అడుగున ఉంటుంది. పాత్రలు నిలవవు, ఉపన్యాసాలు ఎక్కువ. కానీ ‘అణు బాంబు’ అన్న మాటను 1914లోనే వాడిన పుస్తకం ఇది. విమానం నుంచి చేత్తో విసిరే ఆ బాంబులు ఒక్కసారిగా పేలి ఆగవు, రోజుల తరబడి మండుతూనే ఉంటాయి. హంగేరియన్ భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ దీన్ని 1932లో చదివాడు. మరుసటి ఏడాది లండన్‌లో ఉన్నప్పుడు ఒక అణు చర్య మరిన్నింటిని రేపుకుంటూ పోయే ‘గొలుసు చర్య’ ఆలోచన ఆయనకు తట్టింది. 1934లో పేటెంట్‌కు దరఖాస్తు చేసి, తర్వాత దాన్ని రహస్యంగా ఉంచేందుకు బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించాడు. దాని అర్థమేమిటో వెల్స్‌ను చదివినందువల్లే తనకు తెలిసిందని ఆయన చెప్పాడు. 1939లో అమెరికా అధ్యక్షుడికి ఐన్‌స్టీన్ సంతకంతో వెళ్లిన హెచ్చరిక లేఖ వెనుక ఉన్నదీ సిలార్డే. 1946లో చనిపోయే ముందు వెల్స్ హిరోషిమా వార్తను విన్నాడు. మొత్తం చదవలేకపోతే మొదటి రెండు అధ్యాయాలైనా చదవండి.

మీరు ఎవరైతే ఏది

ఇంగ్లిషు నవలలు అలవాటు లేకపోతే మరో ఆలోచన లేకుండా టైమ్ మెషీన్ తీసుకోండి. రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది, అయిపోయాక కూడా వదలదు.

బాగా చదివే అలవాటు ఉండి, వెల్స్ నుంచి ఒక్కటే చదువుతానంటే వార్ ఆఫ్ ద వరల్డ్స్. ఈ రెండింటి మధ్య తేల్చుకోవడం నిజంగా కష్టం. మొదటిది లోతైనది, కవిత్వానికి దగ్గర. రెండోది విశాలమైనది, చరిత్రకు దగ్గర. వలస పాలన అనుభవించిన దేశపు పాఠకులుగా రెండోదాన్ని మనం లండన్ పాఠకుడి కన్నా బాగా చదవగలం. నా ఓటు అందుకే దానికి.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ఇన్విజిబుల్ మ్యాన్. అమెరికాలోనో బ్రిటన్‌లోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ పేర్లు బడిలోనే తగిలి ఉంటాయి. వాళ్లతో కలిసి చదవాలనుకునే తల్లిదండ్రులకు కూడా ఇదే అనువు.

రచయితలు, సినిమా కథకులు ఇన్విజిబుల్ మ్యాన్, వార్ ఆఫ్ ద వరల్డ్స్ వరుసగా చదివితే ఒక్క అసాధ్యాన్ని నమ్మించే పద్ధతి చేతికి చిక్కుతుంది. ఆల్డస్ హక్స్‌లీ, ఆర్వెల్, రష్యాలో జమ్యాతిన్ తమ భవిష్య నవలలను వెల్స్‌తో వాదిస్తూనో, ఆయన నుంచి నేర్చుకుంటూనో రాశారు.

రాజకీయ ఆలోచనల కోసం వచ్చేవారు ఆయన 1940 నాటి మానవ హక్కుల రచన కూడా వెతకండి. ఆ ముసాయిదాను వెల్స్ గాంధీజీకి పంపితే, హక్కులతో కాదు, మనిషి బాధ్యతలతో మొదలుపెట్టమని ఆయన బదులిచ్చారు. ఇదే వెల్స్ తొలి రోజుల్లో బలహీనులైన జాతుల గురించి, ఎవరు పిల్లలను కనాలన్న దాని గురించి ఒప్పుకోలేని మాటలు రాశాడని కూడా తెలిసి ఉండాలి.

ఏ ప్రతి తీసుకోవాలి

సంక్షిప్త ప్రతులు కొనవద్దు. కథను కుదించేవారు ముందుగా తీసేసేది టాస్మానియా వాక్యాలను, ఎర్ర సూర్యుడి సముద్రాన్ని. ఈ ఆరు నవలల పూర్తి పాఠాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి, ఫోనులో చదువుకోవచ్చు. అచ్చు పుస్తకమే కావాలంటే వెనుక వివరణలున్న ప్రతి చూడండి, ఊళ్ల పేర్లూ నాటి సంగతులూ తెలుస్తాయి. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లకు హక్కులు తీరతాయి కాబట్టి 2007 నుంచి మన దేశంలో వెల్స్‌ను ఎవరైనా అనువదించి ప్రచురించవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పనికి పూనుకునేవారు పెద్ద నవలతో కాక 1904 నాటి ‘ద కంట్రీ ఆఫ్ ద బ్లైండ్’ అనే కథతో మొదలుపెడితే బాగుంటుంది. ఆండీస్ కొండల్లో అందరూ చూపులేనివారైన ఊళ్లోకి చూపున్న ఒకడు వచ్చి, తానే రాజునవుతానని అనుకుంటాడు.